నెలనెలా వచ్చే కిరాయి, ఏడాదికోసారి వచ్చే సాయం

2024 జూన్‌లో, కొత్త తరగతులు మొదలయ్యే రోజుల్లో, ఒక తల్లి తన పదేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. "వీణ్ణి ఎక్కడైనా హాస్టల్లో వేయించండి మౌల్వీ సాబ్" అన్నది. పిల్లవాడు చదువులో చురుకైనవాడే. బడి ఇంటికి దగ్గరే. మరి హాస్టలెందుకమ్మా అని అడిగితే కొంతసేపు నోరు విప్పలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పింది. వుంటున్న రెండు గదుల ఇంటికి కిరాయి ఆరు వేలు. ఇక కట్టలేదు. పక్క వీధిలో ఒక్క గది మూడున్నర వేలకు దొరుకుతోంది. కానీ ఇద్దరికి మించి వుండకూడదని యజమాని షరతు. ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయిని తన తల్లి దగ్గరికి పంపుతుంది. కొడుకును హాస్టల్లో వేస్తుంది. చిన్నదాన్ని తీసుకుని తాను ఆ గదిలోకి మారుతుంది. ఇదీ ఆమె వేసుకున్న లెక్క.

చదువు కోసం పిల్లవాణ్ణి గురుకులానికి పంపడం వేరు, కిరాయి కోసం పంపడం వేరు. మొదటిది ఆశతో చేసే పని. రెండోది ఒక కుటుంబాన్ని మూడు ముక్కలు చేయడం. తండ్రిని మృత్యువు తీసుకెళ్ళింది. తల్లిని, తోబుట్టువులను కిరాయి దూరం చేయబోతోంది. ఇలాంటి తల్లులు మన ప్రతి మొహల్లాలోనూ వున్నారు. భర్త చనిపోయినవారు, తలాఖ్ పొందినవారు, ఖులా తీసుకున్నవారు, తలాఖ్ ఇవ్వకుండానే భర్త వదిలేసి వెళ్ళినవారు. కారణాలు వేరైనా ఒకటో తారీఖు మాత్రం అందరికీ ఒకేలా వస్తుంది.

కదలని పింఛను, ఆగని కిరాయి

ఆ తల్లి సంపాదన చూద్దాం. కుట్టుపని మీద నెలకు ఏడు వేలు వస్తాయి, పని దొరికిన నెలలో. వితంతు పింఛను రూ.2,016. రెండూ కలిపితే రూ.9,016. కిరాయి పోగా మిగిలేది రూ.3,016. నలుగురి గ్యాసు, పాలు, మందులు, పుస్తకాలు, బస్సు చార్జీలు అందులోనే. రేషను బియ్యం వుండబట్టి పొయ్యి వెలుగుతోంది. అంతకు ముందు గల్ఫులో వున్న తమ్ముడు నెలకు మూడు వేలు పంపేవాడు. అతని పని పోయింది, తిరిగి వచ్చేశాడు. ఆ మూడు వేలూ ఆగిపోయాయి.

తెలంగాణలో పింఛను 2014 నవంబరు దాకా రెండు వందలే. 'ఆసరా' పేరుతో వెయ్యి రూపాయలైంది. 2017లో ఒంటరి మహిళలకూ ఇవ్వడం మొదలుపెట్టారు. 2019లో 2,016 అయింది. అది నిజంగా మేలు చేసిన పెంపు. అయితే 2019లో ఆ తల్లి వుంటున్న ఇంటికి కిరాయి నాలుగు వేలు. అంటే పింఛను సగం కిరాయికి సరిపోయేది. ఐదేళ్ళ తర్వాత కిరాయి ఆరు వేలు, పింఛను అంతే. సగం కాస్తా మూడో వంతయింది. పింఛను తగ్గిస్తున్నట్టు ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు. కానీ ఆమె చేతిలో అది తగ్గిపోయింది. 2023 ఎన్నికల్లో దాన్ని నాలుగు వేలు చేస్తామని వాగ్దానం చేశారు. వాగ్దానం వాగ్దానంగానే వున్నన్నాళ్ళూ యజమాని ఆగడు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వితంతువులకు, ఒంటరి మహిళలకు కూడా నెలకు నాలుగు వేలు ఇవ్వడం మొదలైంది. విజయవాడలోనో గుంటూరులోనో ఒక తల్లికి ఇది ఎంత తేడాయో చెప్పనక్కరలేదు.

ఇక కేంద్రం ఇచ్చే వితంతు పింఛను 2012లో నెలకు రూ.300 అయింది. అదీ నలభై ఏళ్ళు నిండినవారికే. ముప్పై ఏళ్ళకే భర్తను పోగొట్టుకుని చిన్నపిల్లలతో మిగిలిన స్త్రీకి ఆ లెక్కలో చోటు లేదు. పిల్లలు చిన్నవాళ్ళుగా వున్నప్పుడే తల్లి బయటికి వెళ్ళి పని చేయలేదు. అప్పుడే సాయం ఎక్కువ కావాలి. మన పద్ధతి దానికి తలకిందులుగా వుంది.

ప్రభుత్వం ఇచ్చే ఇళ్ళు లేవా అంటే, వున్నాయి. కానీ అవి ఎక్కడున్నాయో కూడా చూడాలి. 2023 జూన్‌లో ప్రారంభించిన కొల్లూరు డబుల్ బెడ్‌రూం సముదాయంలో 15,660 ఇళ్ళున్నాయి. మంచి ఇళ్ళే. అయితే పాతబస్తీలో లక్క గాజులకు రాళ్ళు అద్దే తల్లికి, మగ్గం పని తెచ్చుకునే తల్లికి నగరం అవతలి కొసన ఇల్లు దొరికితే కిరాయి తప్పుతుంది, పని కూడా తప్పుతుంది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. వాటిని మెరిపించే చేతులకు కిరాయి కట్టే కూలీ మాత్రం ఇంకా దక్కలేదు.

ఇల్లు ఎక్కడ పోతోంది?

అసలు ఈ తల్లులు కిరాయి ఇంటికి ఎందుకు వచ్చారు? ఈ ప్రశ్న మనల్ని మనమే వేసుకోవాలి. చాలామంది నిన్నటి దాకా అత్తవారింట్లోనే వున్నవారు.

భర్త చనిపోతాడు. చెహలుం అయ్యేసరికి మాటల తీరు మారుతుంది. 'నీ పిల్లలు మహ్‌జూబ్. తాత ఆస్తిలో వాళ్ళకు వాటా లేదు' అని మరుదులు షరీఅత్ చెబుతారు. తండ్రి బతికుండగా కొడుకు చనిపోతే, ఇతర కొడుకులు వున్నప్పుడు మనవలకు వారసత్వం రాదన్న మాట నిజమే. కానీ ఆ మాట చెప్పేవారు మిగతా సగం చెప్పరు. తాత తన ఆస్తిలో మూడో వంతు వరకూ ఆ అనాథ మనవలకు వసీయత్ చేయవచ్చు. జీవించివుండగా హిబా చేయవచ్చు. ఈ తలుపు తెరిచే వుంది. తెరిచిన తలుపు గుండా నడవకుండా మూసిన తలుపును మాత్రమే చూపించడం ధర్మం కాదు. పిల్లలకు సొంత ఆస్తి లేనప్పుడు వారి పోషణ తాత మీద, దగ్గరి బంధువుల మీద పడుతుందని కూడా అదే ఫిఖహ్ చెబుతోంది. ఆ పేజీ ఎందుకో ఎవరూ తెరవరు.

ఇక భర్త స్వంత ఆస్తి. అతని పేరిట ఇల్లయినా దుకాణమయినా బ్యాంకు ఖాతా అయినా వుంటే, పంపకానికి ముందు ఆమె మెహర్ బాకీ తీర్చాలి. అది అప్పు, దానం కాదు. ఆ తర్వాత పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినదాంట్లో పిల్లల వాటా. జనాజా దగ్గర 'మెహర్ మాఫ్ చేశానని చెప్పు' అని ఏడుస్తున్న స్త్రీ చేత అనిపించే ఆచారం మనలో కొన్నిచోట్ల ఇంకా వుంది. అలా అనిపించిన మాటను ఇష్టపూర్వకంగా ఇచ్చిన మాఫీ అని ఎవరు అనగలరు?

దేశ చట్టం కూడా ఆమె వైపే వుంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద, కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు ఆమెది. ఈ హక్కు వితంతువుకూ వుందని సుప్రీంకోర్టు 2022 మేలో తేల్చింది. హింస రుజువైన సందర్భాల్లో భార్యకు అదే స్థాయి ఇల్లు వేరుగా చూపమనిగాని, ఆ ఇంటి కిరాయి కట్టమనిగాని భర్తను ఆదేశించే అధికారం ఈ చట్టం కింద మేజిస్ట్రేటుకు వుంది. కిరాయి అన్న మాట చట్టంలోనే వుందన్న సంగతి మన ఇళ్ళలో ఎంతమందికి తెలుసు?

తండ్రి బాధ్యత తలాఖ్‌తో తీరదు

విడాకుల విషయానికొస్తే, దివ్య ఖుర్‌ఆన్‌లో తలాఖ్ పేరుతోనే ఒక సూరా వుంది. ఇద్దత్ గడువులో స్త్రీని ఇంటి నుంచి వెళ్ళగొట్టవద్దని, స్థోమతను బట్టి తాము వుండే చోటే ఆమెనూ వుంచాలని, ఇరుకున పెట్టి వేధించవద్దని అందులో ఆదేశం వుంది. విడాకుల ప్రస్తావనలోనే ఇంటి ప్రస్తావన వచ్చింది. మనవాళ్ళు తలాఖ్ మాటను పట్టుకున్నారు, ఇంటి మాటను వదిలేశారు. రాత్రికి రాత్రి ఆటోలో ఎక్కించి పుట్టింటికి పంపేవారు ఏ సూరా చదివారో వారే చెప్పాలి.

ఇద్దత్ తర్వాత మాజీ భార్య పోషణ గురించి పెద్దల్లో భేదాభిప్రాయం వుంది. పిల్లల విషయంలో మాత్రం లేదు. కొడుకు సంపాదించుకునే వయసు దాకా, కూతురు పెళ్ళయ్యే దాకా వారి నఫఖా తండ్రి మీదే. పిల్లలు తల్లి దగ్గర వున్నారన్న సాకుతో అది మాఫ్ కాదు. పిల్లల నఫఖా అంటే తిండి, బట్టలే కాదు, వారి తలమీద కప్పు కూడా. కాబట్టి పిల్లలున్న ఇంటి కిరాయిలో తండ్రి వాటా ఆమె అడుక్కునే భిక్ష కాదు, వసూలు చేసుకోదగ్గ హక్కు.

ఇచ్చేవాడు ఇస్తాడు. ఇవ్వనివాడి కోసం కోర్టు వుంది. ముస్లిం పిల్లలకు తండ్రి నుంచి మనోవర్తి పొందే హక్కు వుందని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. విడాకుల తర్వాతి కాలానికి కూడా చాలినంత ఏర్పాటును ఇద్దత్ లోపలే చేయాలన్నది 1986 చట్టం భావమని 2001లో డేనియల్ లతీఫీ కేసులో చెప్పింది. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా మామూలు మనోవర్తి సెక్షను కింద కోర్టుకు వెళ్ళవచ్చని 2024 జూలై 10న తీర్పు ఇచ్చింది. ఆ సెక్షను పాత చట్టంలో 125. 2024 జూలై నుంచి అమలైన కొత్త నాగరిక సురక్షా సంహితలో 144. మధ్యంతర మనోవర్తి దరఖాస్తును నోటీసు అందిన నాటి నుంచి వీలైనంత వరకూ అరవై రోజుల్లో తేల్చాలని చట్టమే చెబుతోంది. వకీలు ఫీజు లేదని ఆగిపోనక్కరలేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఏ స్త్రీకైనా, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో అడగాలి. 15100 నంబరుకు ఫోన్ చేసినా చెబుతారు.

ఇది చదివి కొందరు సోదరులకు కోపం రావచ్చు. మన ఇంటి గొడవ కోర్టుకెందుకు అంటారు. నిజమే, మొహల్లా పెద్దల దగ్గర తేలితే అంతకన్నా మేలేముంది! అయితే పెద్దలు పిలిస్తే రాని తండ్రిని, వచ్చి ఒప్పుకుని మూడో నెల నుంచి ఎగ్గొట్టే తండ్రిని ఏం చేయాలో కూడా వారే చెప్పాలి. పిల్లలు ఆకలితో వుండగా పరువు గురించి మాట్లాడటం తేలిక.

మసీదు కమిటీలకు, ఇంటి యజమానులకు

కోర్టు తీర్పు వచ్చే దాకా, పింఛను మంజూరయ్యే దాకా, పని దొరికే దాకా కిరాయి ఎవరు కట్టాలి? ఇక్కడే మన పాత్ర మొదలవుతుంది.

రంజాన్‌లో మనం ఉదారులం. ఒకే బేవా ఇంటికి నాలుగు రేషను కిట్లు చేరుతాయి. సేమియా డబ్బాలు మిగిలిపోతాయి. షవ్వాల్ వస్తుంది, తలుపు తట్టేది యజమాని ఒక్కడే. మన సాయం ఏడాదికోసారి వస్తుంది, కిరాయి ఏడాదికి పన్నెండు సార్లు వస్తుంది. ఈ రెండూ ఎప్పటికీ కలవవు. రంజాన్‌లో వసూలయ్యే జకాత్‌లో కొంత భాగాన్ని మొహల్లాలోని ఒంటరి తల్లుల కిరాయి కోసం విడిగా వుంచి నెలనెలా ఇస్తే ఈ సమస్య సగం తీరుతుంది. లెక్క పెద్దదేమీ కాదు. ఐదు వేల కిరాయిలో సగం, ఆరు నెలల పాటు అంటే పదిహేను వేలు. పది కుటుంబాలకు లక్షన్నర. ఫంక్షన్ హాల్లో జరిగే ఒక్క వలీమా ఖర్చుతో పోల్చి చూడండి.

జకాత్‌ను కిరాయికి ఇవ్వవచ్చునా అని కొన్ని కమిటీలు సందేహిస్తున్నాయి. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ సొమ్ముకు బీదవాణ్ణి యజమానిని చేయాలి. దీన్నే తమ్లీక్ అంటారు. నిసాబ్ లేని తల్లి చేతికి సొమ్ము ఇచ్చి ఆమె కిరాయి కట్టుకుంటే ఏ ఇబ్బందీ లేదు. ఆమె అనుమతితో, ఆమె బాకీ కింద నేరుగా యజమానికి కట్టినా జకాత్ నెరవేరుతుంది. అడగకుండా మనమే వెళ్ళి కట్టేస్తే నెరవేరదు. సయ్యద్ కుటుంబాల తల్లులకు జకాత్ కాకుండా లిల్లాహ్ సొమ్ము నుంచి ఇవ్వాలి. వివరం కావాలంటే మీ ఇమామును అడగండి. సందేహం పేరుతో మాత్రం ఆపకండి.

మనలో ఇంటి యజమానులూ వున్నారు. వారితో రెండు మాటలు. రావలసిన కిరాయిని మాఫ్ చేసి అదే నా జకాత్ అనుకుంటే జకాత్ తీరదు. ముందుగా జకాత్ సొమ్మును ఆమె చేతికివ్వాలి. ఆ తర్వాత ఆమె దాన్ని మీ బాకీ కింద చెల్లించవచ్చు. జకాత్ అనుకోకుండా ఊరికే మాఫ్ చేస్తే, లేదా గడువు ఇస్తే, దాని పుణ్యం దానికుంది. బాకీపడ్డవాడు ఇబ్బందిలో వుంటే గడువు ఇవ్వమని, వదిలేస్తే మరింత మేలని బఖరా సూరా బోధిస్తోంది. రెండో మాట: 'ఇంట్లో మగవాళ్ళెవరు?' అని అడిగి తలుపు మూసేయకండి. మగతోడు లేని స్త్రీకి ఇల్లివ్వడమే కష్టమనుకుంటే, ఆమె ఎక్కడ వుండాలి? వితంతువు కోసం పాటుపడేవాని స్థానం అల్లాహ్ మార్గంలో పోరాడేవాని స్థానమని దైవప్రవక్త (స) తెలిపారు. ఇల్లున్నవారికి ఆ స్థానం వాకిట్లోకే వచ్చి అడుగుతోంది.

తల్లులకు

అమ్మా, కట్టలేననిపించిన నెలలోనే యజమానికి చెప్పండి. మూడు నెలల బాకీ పడ్డాక చెబితే వినే ఓపిక వుండదు. ఎంత కట్టగలరో, ఎప్పటికి మిగతాది తీర్చగలరో అంకెతో చెప్పండి. కట్టిన ప్రతి రూపాయికీ చిన్న చీటీ అయినా రాయించుకోండి. నెలసరి కిరాయి ఇంటిని ఖాళీ చేయించాలంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. సామాను బయట పారేసే హక్కు, తాళం వేసే హక్కు యజమానికి లేదు. ఆ పని కోర్టు ద్వారానే జరగాలి.

కిరాయి కోసం గిరిగిరి వడ్డీకి పోకండి. ఆరు వేల కిరాయి ఒక నెలలో తీరుతుంది, ఆ వడ్డీ ఏడాదంతా ఇంట్లో కూర్చుంటుంది. భర్త మరణ ధ్రువీకరణ, ఆధార్, రేషను కార్డు నకళ్ళు ఒక సంచిలో సిద్ధంగా వుంచుకోండి. పింఛనుకు దరఖాస్తు చేసినప్పుడు రసీదు తీసుకోండి. భర్త వదిలేసి ఏడాది దాటితే తెలంగాణలో ఒంటరి మహిళ కింద పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు, తలాఖ్ కాగితం లేకపోయినా. పిల్లల నఫఖా అడగడానికి సిగ్గుపడకండి. సిగ్గుపడవలసినవారు వేరే వున్నారు.

మొదట చెప్పిన ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాను. ఆమెను వెంటబెట్టుకుని యజమాని దగ్గరికి వెళ్ళి మాట్లాడితే, ఆరు నెలల పాటు నాలుగున్నర వేలు తీసుకోవడానికి ఒప్పుకున్నాడు. అందులో పదిహేను వందలు, తలా ఐదు వందల చొప్పున, ముగ్గురు నమాజీలు నెలనెలా ఇచ్చారు. వాళ్ళలో ఒకరు పంచరు దుకాణం నడిపేవారు. ఆరు నెలలకు మనవాళ్ళు ఇచ్చింది మొత్తం తొమ్మిది వేలు. ఈలోగా ఆమెకు ఒక బడిలో ఆయా పని దొరికింది. కొడుకు హాస్టలుకు వెళ్ళలేదు, తల్లి దగ్గరే వుండి చదువుకున్నాడు.

పెద్దమ్మాయి మాత్రం అప్పటికే తొమ్మిదో తరగతి మానేసి మగ్గం ముందు కూర్చుంది. తిరిగి బడికి వెళ్ళమంటే, తోటివాళ్ళు ముందుకు వెళ్ళిపోయారని ఒప్పుకోలేదు. ఆ ఇంటి కష్టం ఒక ఏడాది ముందు మనకు తెలిసివుంటే ఆ పిల్ల చదువు కూడా నిలిచేది. తెలియకపోవడానికి ఆ ఇల్లేమీ దూరంలో లేదు. మసీదు వెనక మూడో గల్లీ. ఈ రోజు జుమా నమాజు ముగిసి ఇంటికి వెళ్ళేటప్పుడు, మీ మసీదు వెనక మూడో గల్లీలో ఎవరున్నారో ఒకసారి కనుక్కోండి. ఒకటో తారీఖు ఎంతో దూరంలో లేదు.